ఏ ధూళి చల్లబరుస్తుంది, ఏ మసి వేడెక్కిస్తుంది?

సంక్షిప్తంగా: గాలిలో తేలే కణాలన్నీ ఒకే పని చేయవు. బొగ్గు పొగలోంచి పుట్టే సల్ఫేట్ కణాలు ఎండను వెనక్కి మళ్లించి నేలను చల్లబరుస్తాయి. మసి ఎండను పీల్చుకుని గాలిని వేడెక్కిస్తుంది. ఈ రెండూ మేఘాల తీరును, రుతుపవనాల బలాన్ని కూడా మారుస్తాయి. మొత్తం మీద చల్లదనమే ఎక్కువ. కానీ అది వారం, పది రోజుల చల్లదనం. కార్బన్ డయాక్సైడ్ తెచ్చే వేడి శతాబ్దాల పాటు నిలుస్తుంది. విజయవాడ, గుంటూరు రోడ్ల మీద కంటికి కనిపించే దుమ్ముకు ఈ లెక్కలో వాటా చాలా తక్కువ.

పొసగనట్టు కనిపించే రెండు వార్తలు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఇంద్రకీలాద్రి లీలగా మాత్రమే కనిపించే రోజులుంటాయి. ఆ తెల్లని తెరను అందరూ పొగమంచు అంటారు. మాట సరైనదే, అందులో పొగా ఉంది, మంచూ ఉంది. పొద్దెక్కి మంచు విడిపోయాక కూడా ఆకాశం నీలంగా మారకుండా పాలిపోయి ఉంటే, మిగిలినది పొగ అనుకోవచ్చు.

ఈ గాలిని శుభ్రం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. ఇది మొదటి వార్త. రెండోది అంతర్జాతీయ పత్రికల్లో తరచుగా వస్తోంది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. దాంతో సముద్రాల మీది గాలి శుభ్రపడింది, ఆ శుభ్రత వల్లే భూతాపం కొంత పెరిగింది అన్నది ఆ వార్త సారాంశం.

రెండూ చదివిన పాఠకుడికి సహజంగానే సందేహం వస్తుంది. గాలి శుభ్రపడితే భూమి వేడెక్కుతుందా? అలాగైతే కాలుష్యం మనకు మేలు చేస్తున్నట్టా? మొదటి ప్రశ్నకు జవాబు కొంతవరకు అవును. రెండోదానికి కాదు. ఈ రెండు జవాబులు ఒకదానికొకటి ఎందుకు అడ్డుకావో తెలియాలంటే ముందు కణం పరిమాణం దగ్గర మొదలుపెట్టాలి.

కనిపించే దుమ్ము, కనిపించని కణం

బెంజి సర్కిల్ దగ్గర చెట్ల ఆకుల మీద పేరుకునే దుమ్ము, క్వారీ లారీ వెళ్లాక లేచే తెల్లని పొడి, గుంటూరు మిరప యార్డులో గొంతు మండించే ఘాటు ధూళి, ఇవన్నీ కణాల లోకంలో పెద్దవి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, పీఎం 10 అంటే 10 మైక్రాన్లకు మించని కణం. పది మైక్రాన్ల కణం కదలని గాలిలో గంటకు పది మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. అంటే రోడ్డు మీద లేచినది చాలావరకు ఆ పూటే ఆ చుట్టుపక్కలే వాలిపోతుంది. ఊపిరితిత్తులకు అది చెడే చేస్తుంది. శీతోష్ణస్థితిని కదిలించేంత సమయం మాత్రం దానికి గాలిలో దొరకదు.

శీతోష్ణస్థితిని కదిలించేది ఒక మైక్రాను కంటే చిన్న కణం. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, అది దాదాపు కిందికి దిగదు. వాన కడిగేదాకా, సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల వరకు, గాలితో పాటు వందల మైళ్లు తిరుగుతుంది. రెండోది, మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. తన తరంగదైర్ఘ్యానికి దగ్గరి కొలతలో ఉన్న కణం ఎదురైనప్పుడే వెలుగు ఎక్కువగా చెదురుతుంది.

చిన్న లెక్క చూస్తే తేడా తేలిపోతుంది. పది మైక్రాన్ల కణం ఒక్కదాని బరువుకు 0.1 మైక్రాను కణాలు పది లక్షలు తూగుతాయి. అదే బరువు, కానీ ఎండకు అడ్డుపడే ఉపరితలం వంద రెట్లు. కణాలను బరువు లెక్కన తూచే కొలత ఏదైనా ఈ తేడాను చూడలేదు. స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రగతిని ప్రధానంగా కొలిచేది పీఎం 10 తోనే. పర్యావరణ పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన అంచనా ప్రకారం ఆ కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, నీళ్లు చల్లడం వంటి దుమ్ము పనులకే వెళ్లింది. నగరవాసికి అవి అవసరమైన పనులే. కానీ గాలి శుభ్రపడితే భూమి వేడెక్కుతుందన్న భయానికి ఈ పనులతో సంబంధం లేదు. రోడ్డు ఊడ్చినందువల్ల ఎక్కడా భూతాపం పెరగదు.

చలువ పందిరి, నల్ల గొడుగు

వేసవిలో విజయవాడ కూడళ్లలో వేసే చలువ పందిరి ఎలా పనిచేస్తుందో, సల్ఫేట్ కణాల పొర అలాగే పనిచేస్తుంది. బొగ్గులో, ఓడల ఇంధనంలో ఉండే గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. గాలిలో కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో అది ఆక్సిజన్‌తో, తేమతో కలిసి సల్ఫేట్ కణాలుగా మారుతుంది. అంటే పొగగొట్టం దగ్గర అది కణమే కాదు. వడపోత యంత్రాలు బూడిదను ఎంత బాగా పట్టుకున్నా వాయువు దాటిపోతుంది, దూరం వెళ్లాక కణమవుతుంది. ఈ కణాలు ఎండను పీల్చుకోవు. నలువైపులా చెదరగొడతాయి, అందులో కొంత అంతరిక్షంలోకి తిరిగిపోతుంది. అంతమేర కింద చలువ.

మసి సంగతి వేరు. కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగున అంటుకునే నలుపే గాలిలో తేలే మసి. డీజిల్ ఇంజన్లు, ఇటుక బట్టీలు, చెత్త కుప్పల మంటలు, పంట వ్యర్థాలు తగలబెట్టడం దీనికి మూలాలు. కోత యంత్రాలు వచ్చాక పొలంలో మిగిలే గడ్డిని తగలబెట్టడం కృష్ణా డెల్టాలోనూ కనిపిస్తోంది. మెట్ట పొలాల్లో పత్తి కట్టె, మిరప కట్టెలదీ చాలాచోట్ల అదే దారి. మసి నల్ల గొడుగు లాంటిది. కింద నీడ పడుతుంది, గొడుగు మాత్రం కాలిపోతుంది. ఆ గొడుగు చుట్టూ ఉన్న పైగాలే ఇక్కడ వేడెక్కుతుంది. నేల కాస్త చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటే ఆవిరి పైకి లేవడానికి కావలసిన ఊపు తగ్గుతుంది. మసి హిమాలయాల మంచు మీద వాలితే తెల్లదనం మాసి, మంచు త్వరగా కరుగుతుంది.

ఒక మంటలోంచి ఈ రెండూ వేర్వేరు పాళ్లలో వస్తాయి. గడ్డి మంటలో మసితో పాటు ఎండను చెదరగొట్టే సేంద్రియ కణాలు కూడా ఉంటాయి. డీజిల్ పొగలో మసి పాలు ఎక్కువ. బొగ్గు విద్యుత్ కేంద్రంలో దహనం దాదాపు పూర్తిగా జరుగుతుంది కనుక మసి తక్కువ, సల్ఫేట్ ఎక్కువ. అందుకే “పొగ చల్లబరుస్తుందా, వేడెక్కిస్తుందా” అని అడిగితే, ఏ పొగ అని తిరిగి అడగాల్సి వస్తుంది.

మేఘమథనం నేర్పే పాఠం

కణాల వల్ల కలిగే చల్లదనంలో ఎక్కువ భాగం నేరుగా ఎండను అడ్డుకోవడం వల్ల రాదు. మేఘాల ద్వారా వస్తుంది. శాస్త్రజ్ఞులకు అత్యంత కష్టమైన భాగం కూడా ఇదే.

నీటి ఆవిరి తనంతట తాను బిందువు కాలేదు. పట్టుకోవడానికి ఒక కణం కావాలి. పూర్తిగా కణాలు లేని గాలిలో తేమ వంద శాతం దాటి కొన్ని రెట్లు పెరిగితే తప్ప మేఘం పుట్టదు. మచిలీపట్నం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలిలో ఉప్పు కణాలు ఈ పని చేస్తాయి. పొగ గాలిలో ఇలాంటి కణాలు అనేక రెట్లు ఎక్కువ. ఉన్న ఆవిరి అంతే, పంచుకునే కణాలు ఎక్కువ. కాబట్టి ఒక్కో బిందువు చిన్నదవుతుంది. చిన్న బిందువుల మేఘం మరింత తెల్లగా మెరిసి, ఎక్కువ ఎండను వెనక్కి పంపుతుంది. 1970లలో శాస్త్రవేత్త ట్వోమీ వివరించిన ఈ ప్రభావాన్ని ఉపగ్రహ చిత్రాల్లో కళ్లారా చూడవచ్చు. ఓడ వెళ్లిన దారి వెంట సముద్రం మీది మేఘంలో తెల్లని చారలు ఏర్పడతాయి. 2020 నిబంధన తర్వాత ఆ చారలు బాగా తగ్గాయి.

ఇక్కడే మేఘమథనం గుర్తుకు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి దశాబ్దంలో కరవు ప్రాంతాల్లో విమానాలతో మేఘాల్లో కాల్షియం క్లోరైడ్, సిల్వర్ అయొడైడ్ చల్లించారు. దాని ఫలితాల మీద వాదాలు సాగాయి, అది వేరే విషయం. చాలామందిలో మిగిలిన అభిప్రాయం మాత్రం ఒకటుంది: మేఘంలో కణాలు చల్లితే వాన పడుతుంది కదా, మరి పొగ కూడా వాన తేవాలి కదా అని. జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. మేఘమథనంలో కాల్షియం క్లోరైడ్‌ను ఎంచుకునేది అది నీటిని బలంగా పీల్చుకునే ఉప్పు కాబట్టి. కొద్ది సంఖ్యలో పెద్ద కణాలు వేస్తే కొన్ని బిందువులు త్వరగా పెరిగి, చిన్నవాటిని కలుపుకుంటూ కిందికి దిగుతాయి. ఒక వాన చినుకు కావడానికి సుమారు పది లక్షల మేఘ బిందువులు కలవాలి. పొగ చేసేది అందుకు విరుద్ధం. లెక్కలేనన్ని చిన్న కణాలు, అన్నీ ఒకే కొలతలో ఉన్న చిన్న బిందువులు, ఒకదాన్నొకటి ఢీకొనే వేగమే ఉండదు. పలుచని మేఘమైతే కురవకుండానే ఆరిపోవచ్చు.

బలమైన క్యుములోనింబస్ మేఘంలో, అంటే ఎత్తుగా పెరిగే ఉరుముల మేఘంలో, కథ మరో మలుపు తిరుగుతుందని కొన్ని పరిశోధనలు చెబుతాయి. కింద కురవని నీరు పైకి వెళ్లి గడ్డకట్టి, ఆ క్రమంలో వేడిని విడుదల చేసి, మేఘాన్ని ఇంకా ఎత్తుకు నెడుతుందని, చివరికి కుంభవృష్టి కావచ్చని వాటి వాదన. ఈ వాదన మీద ఏకాభిప్రాయం లేదు. అందువల్ల 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనప్పుడు, దాన్ని పొగకు ముడిపెట్టడం సరికాదు. సముద్రం వేడెక్కితే గాలిలో తేమ పెరుగుతుందన్నది మాత్రం భౌతికశాస్త్రం గట్టిగా చెప్పే మాట. ఒక డిగ్రీకి సుమారు ఏడు శాతం.

రుతుపవనం ఎందుకు నీరసించింది

రోహిణి కార్తెలో నేల కాలడం వెనుక ఒక ప్రయోజనం ఉంది. నేల సముద్రం కంటే బాగా వేడెక్కితేనే నైరుతి గాలి లోపలికి లాగబడుతుంది. భారత ఉపఖండం మీద, ఉత్తర హిందూ మహాసముద్రం మీద పొగ పొర పరుచుకుంటే ఆ రెండింటి మీదా పడే ఎండ తగ్గుతుంది. నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గుతుంది, సముద్రం నుంచి లేచే ఆవిరి తగ్గుతుంది, గాలి లాగుడు సడలుతుంది.

1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగంలో భారత, అమెరికా, ఐరోపా శాస్త్రజ్ఞులు ఈ పొర ఎంత విస్తారమైనదో తొలిసారి వివరంగా కొలిచారు. చలికాలంలో ఉపఖండం నుంచి బయలుదేరిన గోధుమరంగు పొగ సముద్రం మీద వందల మైళ్ల మేర పరుచుకుని కనిపించింది. శాస్త్రవేత్తలు వీరభద్రన్ రామనాథన్, నోబెల్ గ్రహీత పాల్ క్రట్జెన్ ఆ ప్రయోగానికి సారథులు. తర్వాత 2006లో ఇస్రో నౌక, విమానం, భూకేంద్రాలతో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల మీద మరో విస్తృత అధ్యయనం చేసింది. కోస్తాంధ్రకు ఇందులో ప్రత్యేకమైన చోటుంది. చలికాలంలో గంగా మైదానపు పొగ బంగాళాఖాతం మీదికి దిగివస్తుంది. విజయవాడ మీద శీతాకాలంలో కమ్ముకునే పొగలో కొంత ఇక్కడిదే, కొంత ఈ దారిలో వచ్చిన అతిథి. ఒక నగరపాలక సంస్థ ఒంటరిగా దీన్ని తేల్చలేకపోవడానికి ఇదొక కారణం.

భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో విడుదల చేసిన సమగ్ర నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. గంగా మైదానంలో, పడమటి కనుమల్లో తగ్గుదల ఎక్కువ. వేడెక్కే లోకంలో గాలి ఎక్కువ తేమ మోస్తుంది కనుక వాన పెరగాలి. తగ్గడానికి ఉత్తరార్ధగోళంలోని కణాల చల్లదనం ముఖ్య కారణాల్లో ఒకటని ఆ నివేదిక తేల్చింది. కృష్ణా నది పుట్టేది పడమటి కనుమల్లోనే. ప్రకాశం బ్యారేజీ దిగువ ఆయకట్టు రైతుకు గాలిలోని సల్ఫేట్‌తో ఉన్న దగ్గరి చుట్టరికం ఇదే.

పైరు మీద కూడా నేరుగా ప్రభావం ఉంది. గోధుమరంగు పొగ పొర, హరితగృహ వాయువులు కలిసి దేశంలో వరి దిగుబడిని తగ్గించాయని 2006లో వచ్చిన అధ్యయనం ఒకటి తేల్చింది.

లెక్క ఎంత?

శీతోష్ణస్థితి మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక అంకెలు చూస్తే పరిమాణం అర్థమవుతుంది. 1750తో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే భూమి మీద ప్రతి చదరపు మీటరుకు 2.16 వాట్ల అదనపు వేడి వేస్తోంది. కణాలు 1.1 వాట్లు తీసేస్తున్నాయి. కానీ ఈ రెండో అంకె 0.4 నుంచి 1.7 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. మేఘాల గురించిన అనిశ్చితి అంతా ఆ వ్యత్యాసంలోనే ఉంది. ఉష్ణోగ్రతలో చెప్పాలంటే, 2010–2019 నాటికి హరితగృహ వాయువులు సుమారు 1.5 డిగ్రీలు వేడెక్కించాయి, కణాలు ప్రధానంగా ఉన్న ఇతర మానవ కారణాలు 0.4 డిగ్రీలు చల్లబరిచాయి. మనకు అనుభవమైనది దాదాపు 1.1 డిగ్రీలు. మిగిలినది పందిరి కింద దాగి ఉంది.

పందిరి తీసేస్తే ఏమవుతుందో ప్రకృతి ఒకసారి తిరగేసి చూపింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను మేఘాలకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలోకి ఎగజిమ్మింది. మరుసటి ఏడాదికల్లా భూమి సగటున దాదాపు అర డిగ్రీ చల్లబడింది. కణాలు రాలిపోగానే వేడి తిరిగి వచ్చింది. కృత్రిమంగా ఇలాంటి పందిరి వేద్దామన్న ప్రతిపాదన ఎప్పటికప్పుడు తలెత్తుతుంది. పినటుబో తర్వాత నేల మీద వర్షపాతం కూడా తగ్గిందన్న సంగతిని రుతుపవనం మీద బతికే దేశం మరవకూడదు.

చైనా 2013 తర్వాత సల్ఫర్ డయాక్సైడ్‌ను దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గించింది. ఇటీవలి భూతాప వేగంలో ఆ శుభ్రతకు వాటా ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఓడల ఇంధన మార్పు ప్రభావం డిగ్రీలో కొన్ని వందో వంతులని చాలా అంచనాలు. 2023, 2024 రికార్డు వేడికి ఎల్‌నినో, హరితగృహ వాయువులే ప్రధాన కారణాలు. ఓడల పాత్ర వాటి పక్కన చిన్నది. “గాలి శుభ్రం చేయడమే వేడికి కారణం” అన్న శీర్షికలు ఈ తారతమ్యాన్ని చెరిపేస్తున్నాయి. శుభ్రత కొత్త వేడిని పుట్టించదు. బొగ్గు, చమురు అప్పటికే పోగేసిన వేడిని బయటపెడుతుంది.

ఇబ్రహీంపట్నం పొగగొట్టం చూపే ఉదాహరణ

విజయవాడ వాసులు ఇప్పటికీ వీటీపీఎస్ అని పిలిచే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి పనిచేస్తోంది. 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ చేరాక దాని సామర్థ్యం 2,560 మెగావాట్లకు చేరింది. చుట్టుపక్కల ఊళ్ల వారికి ఆ కేంద్రం అంటే ముందు బూడిద చెరువు, బూడిద లారీలు. శీతోష్ణస్థితి లెక్కలో బూడిద చిన్న పాత్రధారి. గొట్టంలోంచి కలిసి వెళ్లే రెండు వాయువులే ముఖ్యం.

సల్ఫర్ డయాక్సైడ్ సల్ఫేట్‌గా మారి ఒకటి రెండు వారాల్లో వానతో కడుక్కుపోతుంది. నిన్నటి పందిరి రేపటికి ఉండదు, రోజూ కొత్తగా వేయాలి. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం శతాబ్దాలు దాటి గాలిలో ఉంటుంది. నిన్నటిది, నేటిది, రేపటిది ఒకదానిపై ఒకటి దుప్పట్లలా పేరుకుంటాయి. పొగగొట్టం తొలి ఏళ్లలో చల్లబరచవచ్చు. దశాబ్దాలు గడిచేకొద్దీ పందిరి అదే మందంలో ఉంటుంది, దుప్పట్ల సంఖ్య పెరుగుతుంది. కాలుష్యాన్ని చల్లదనం కోసం ఉంచుకుందామన్న వాదన ఇక్కడ కూలిపోతుంది. ఆ వాదన నిలవాలంటే సల్ఫర్‌ను ఏటా పెంచుకుంటూ పోవాలి. ఆ సల్ఫేట్ మనం పీల్చే పీఎం 2.5లో, అంటే 2.5 మైక్రాన్లకు మించని కణాల్లో, భాగం. మన దేశ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5.

కేంద్రం 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ పరిమితులు విధించింది, గడువులు పలుమార్లు జరిపింది, 2025 జులైలో చాలా కేంద్రాలను గంధకం తొలగించే యంత్రాల బాధ్యత నుంచి మినహాయించింది. దీన్ని శీతోష్ణస్థితికి మేలుగా చూపడం సరికాదు. బొగ్గు మండుతూనే ఉంటుంది కనుక దుప్పట్లు ఆగవు.

అన్ని కణాలనూ ఒకే వరుసలో తగ్గించనవసరం లేదు. మసిని ముందు తగ్గిస్తే ఊపిరీ బాగుపడుతుంది, వేడీ తగ్గుతుంది. పందిరి పోతుందన్న బెంగ అక్కడ తక్కువ. పాత డీజిల్ బండ్లు, ఇటుక బట్టీలు, చెత్త మంటలు, గడ్డి మంటలు, కట్టెల పొయ్యిలు ఈ కోవలోకి వస్తాయి. విజయవాడ, గుంటూరు రెండింటికీ చేతికందే దూరంలో ఉన్న పనులివి. సల్ఫర్‌ను తగ్గించేటప్పుడు దానితో పాటే బొగ్గును కూడా తగ్గిస్తే బయటపడే వేడికి కొంత బదులు దొరుకుతుంది.

అయితే మసి ఎంత తగ్గిందో నగరవాసికి తెలిసే మార్గం ప్రస్తుతం లేదు. దేశంలో రోజూ ప్రకటించే గాలి నాణ్యత సూచీలో పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం, మొత్తం ఎనిమిది లెక్కలోకి వస్తాయి. మసి విడిగా ఆ జాబితాలో లేదు. పీఎం 2.5 అంకెలో చల్లబరిచే సల్ఫేట్, వేడెక్కించే మసి రెండూ కలిపి తూకం వేయబడతాయి.